సర్వర్ లేకుండా పైథాన్‌లోనే పాలసీ ఇంజిన్: ఆరు నెలలు రెగోరస్ వాడాక

ఏది పాస్ చేయాలి, ఏది ఆపాలి అనే రూల్స్‌ని కోడ్‌లో కాకుండా విడి ఫైల్లో రాస్తే, వాటిని చదివి జవాబు చెప్పేది పాలసీ ఇంజిన్, రెగోరస్ అలాంటిదే. ముందే చెప్పేస్తా, నాకు బాగా నచ్చింది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

మా ఆఫీసు బెంగళూరు మారతహళ్లిలో. నలభై మందిమి ఉంటాం, సగం మంది మనవాళ్లే. ఉద్యోగులు పెట్టే క్యాబ్, భోజనం, ఇంటర్నెట్ బిల్లుల్లో ఏవి వెంటనే పాస్ చేయాలి, ఏవి మేనేజర్ దగ్గరికి పంపాలి అని తేల్చే పైథాన్ స్క్రిప్టు ఒకటి నేను చూసుకుంటాను. మూడేళ్లలో అందులో ఇఫ్ మీద ఇఫ్ పేరుకుపోయింది. భోజనం పరిమితి 400 నుంచి 500 చేయాలన్నా నేనే కోడ్ ముట్టుకోవాలి, దానికి రివ్యూ, మళ్లీ డిప్లాయ్. అసలు రూల్ పెట్టేది మా అకౌంట్స్ మేడమ్, ఆవిడకేమో తను పెట్టిన రూల్ కోడ్‌లో ఎలా ఉందో చూసుకునే దారే లేదు. అది నాకు చాలా అన్యాయంగా అనిపించేది.

మొదట అందరిలాగే ఓపెన్ పాలసీ ఏజెంట్ అనే పాలసీ ఇంజిన్ పెట్టాం, అదే ఓపీఏ. గో భాషలో రాసింది, క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్ని చూసుకునే సీఎన్‌సీఎఫ్ సంస్థలో 2021లో గ్రాడ్యుయేట్ అయిన, అంటే పరిణతి చెందిందని గుర్తింపు పొందిన ప్రాజెక్టు, దాని నాణ్యత గురించి నాకు ఏ సందేహమూ లేదు. రూల్స్ రెగో అనే భాషలో రాస్తాం, ఓపీఏ సర్వర్‌గా 8181 పోర్టులో నడుస్తుంది, మన స్క్రిప్టు బిల్లు వివరాలు జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో పంపి జవాబు తీసుకుంటుంది. నాలుగైదు భాషల్లో పది సర్వీసులు ఉన్న చోట అదే సరైన దారి. మాకున్నది ఒక్క స్క్రిప్టు. దానికోసం పక్కన ఇంకో ప్రాసెస్, అది నడుస్తోందో లేదో చూసే హెల్త్ చెక్, దాని అప్‌డేట్లు చూసుకోవడం మా ఇద్దరు ముగ్గురి టీమ్‌కి భారమైంది.

పైగా ఆ రోజుల్లో ఒక గట్టి దెబ్బ తగిలింది. లేని రూల్‌ని అడిగితే ఓపీఏ ఎర్రర్ ఇవ్వదు, 200 (అంతా సరే అనే కోడ్) అనే ఇస్తుంది, కాకపోతే జవాబులో రిజల్ట్ అనే కీ ఉండదు. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. మేము మాత్రం స్క్రిప్టులో "రిజల్ట్ ఫాల్స్ కాకపోతే పాస్" అని రాసుకున్నాం, తర్వాత పాలసీ ఫైల్లో రూల్ పేరు మార్చి స్క్రిప్టులో మార్చడం మరిచిపోయాం, మూడు రోజులు వచ్చిన ప్రతి బిల్లూ పాస్ అయిపోయింది. తప్పు పూర్తిగా మాదే. రెగోలో ట్రూ, ఫాల్స్ కాక అన్‌డిఫైన్డ్ (జవాబే లేదు) అని మూడోది ఒకటి ఉంటుంది, ఏ ఇంజిన్ వాడినా ఇది బుర్రకెక్కించుకోవాలి. అప్పట్నుంచి ప్రతి పాలసీ ఫైల్లో పైనే డిఫాల్ట్ అలౌ ఫాల్స్ (ఏ షరతూ కుదరకపోతే పాస్ కాదు) అని పెడుతున్నాం, స్క్రిప్టులో "కచ్చితంగా ట్రూ వస్తేనే పాస్" అని రాస్తున్నాం. రెండూ ఉండాలి, ఒకటి చాలదు, ఎందుకంటే రూల్ పేరే తప్పయితే డిఫాల్ట్ కూడా కాపాడదు.

ఇక రెగోరస్. మైక్రోసాఫ్ట్ వాళ్లు రస్ట్ భాషలో రాసిన రెగో ఇంటర్‌ప్రెటర్, అంటే రెగో రూల్స్‌ని చదివి నడిపేది ఇది, ఓపెన్ సోర్స్. సర్వర్ అవసరం లేదు, పైథాన్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది. ఇంజిన్ ఒకటి తయారు చేసుకుని, యాడ్ పాలసీతో రూల్స్, యాడ్ డేటాతో పరిమితుల పట్టిక ఇచ్చేస్తాం, బిల్లు రాగానే సెట్ ఇన్‌పుట్‌తో దాని వివరాలు ఇచ్చి, ఆపైన ఎవాల్ రూల్‌తో జవాబు అడుగుతాం. పైథాన్ డిక్షనరీని అలాగే ఇవ్వొచ్చు. మొత్తం పదిహేను లైన్లు కూడా కాలేదు. మా రూల్స్ అప్పటికే కొత్త శైలిలో ఉన్నాయి కాబట్టి మార్పులు పెద్దగా పడలేదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఓపీఏ 1.0 నుంచి ఇఫ్, కంటెయిన్స్ అనే పదాలు తప్పనిసరి అయ్యాయి, మీ దగ్గర పాత శైలి ఫైళ్లు ఉంటే ముందు వాటిని సరిచేసుకోండి.

నాకు బాగా గుర్తుండిపోయిన మధ్యాహ్నం ఒకటుంది. లాప్‌టాప్ తీసుకెళ్లి మేడమ్ పక్కన కూర్చుని పాలసీ ఫైల్ తెరిచి చూపించాను. ఆవిడది నెల్లూరు, కోడ్ ఎప్పుడూ రాయలేదు. పది నిమిషాలు చెప్పేసరికి ఒక్కో లైనూ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. క్యాబ్ రూల్ దగ్గర ఆగి, "ఇక్కడ గంట 21 అయినా, దాటినా పాస్ అనే ఉంది కదా అబ్బయా, మరి మొన్న 9.40కి క్యాబ్ ఎక్కిన అమ్మాయి బిల్లు మేనేజర్ దగ్గరికి ఎందుకెళ్లింది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. సీటుకొచ్చి చూస్తే, రెగోలో టైమ్ క్లాక్ ఫంక్షన్‌కి టైమ్‌జోన్ ఇవ్వకపోతే యూటీసీ, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం అనుకుంటుంది. మన రాత్రి 9.40 దానికి సాయంత్రం 4.10. టైమ్‌తో పాటు ఏషియా కోల్‌కతా అని ఇస్తే సరిపోయింది. నేను రాసిన ఏ టెస్టూ పట్టుకోని తప్పు ఆవిడ చదివి పట్టుకున్నారు, పాలసీ విడిగా ఫైల్లో ఉండబట్టే కదా అది కుదిరింది.

ఆ తర్వాత కవరేజ్ ఆన్ చేశాను. మన టెస్టుల్లో పాలసీలోని ఏ లైన్ నడిచింది, ఏది నడవలేదు అని రెగోరస్ రిపోర్టు ఇస్తుంది. ఇంటర్నెట్ బిల్లు రూల్‌లో రెండు లైన్లు ఒక్కసారి కూడా నడవలేదని అప్పుడు తెలిసింది. ఈ సౌకర్యం తప్పకుండా వాడండి.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒకటి. ఓపీఏలో ముందే సిద్ధంగా ఉండే బిల్టిన్ ఫంక్షన్లన్నీ ఇందులో లేవు. రీడ్‌మీ చూసి మీరు వాడేవి ఉన్నాయో లేవో నిర్ధారించుకున్నాకే మారండి, ముఖ్యంగా లాగిన్ టోకెన్ల వెరిఫికేషన్ రెగోలోనే చేసేవాళ్లు. మేము రస్ట్ కోడ్‌ని పైథాన్ ప్యాకేజీగా మార్చే మాటురిన్ అనే టూల్‌తో సొంతంగా బిల్డ్ చేసుకున్నాం, దానికి రస్ట్ టూల్‌చైన్ (రస్ట్ కంపైలర్, దాని టూల్స్) కావాలి, పైథాన్ తప్ప ఇంకేం తెలియని టీమ్‌కి మొదటి రోజు కాస్త టెన్షన్ పడే పనే. రూపాయల్ని డెసిమల్‌గా కాకుండా పైసల్లో పూర్ణ సంఖ్యగా పంపండి, జేసన్‌కి డెసిమల్ అనే రకమే లేదు. ఇంకొకటి, సెట్ ఇన్‌పుట్, ఎవాల్ రూల్ రెండు వేర్వేరు కాల్స్, ఒకే ఇంజిన్‌ని రెండు థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో ఒకేసారి నడిచే పనులు) పంచుకుంటే ఒకరి బిల్లుకి ఇంకొకరి జవాబు వచ్చే ప్రమాదం ఉంది, అందుకే మేము ప్రతి వర్కర్ ప్రాసెస్‌కి ఒక ఇంజిన్ పెట్టుకున్నాం.

పోయిన వారం భోజనం పరిమితి మళ్లీ పెరిగింది. ఈసారి మేడమ్ నుంచి వచ్చిన మెసేజ్‌లో ఫైల్ పేరు, లైన్ నంబర్, పాత అంకె, కొత్త అంకె అన్నీ ఉన్నాయి. నేను చూసి, టెస్టులు నడిపి, టీ తాగడానికి కిందికి దిగేలోపే మార్పు లైవ్‌లోకి వెళ్లిపోయింది.