ఛానెల్‌రొడాప్సిన్‌కి ఏఏవీ: మూడున్నరేళ్లు వాడాక

హైదరాబాద్‌లో న్యూరో ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఎలుకల మెదడులోకి ఛానెల్‌రొడాప్సిన్-2 (లైటు పడితే తెరుచుకునే ప్రోటీన్) జీన్‌ని ఎక్కించడానికి మూడున్నరేళ్లుగా ఏఏవీనే (జీన్‌ని కణాల్లోకి మోసుకెళ్లే చిన్న వైరస్) వాడుతున్నా. 470 నానోమీటర్ల నీలం లైటు వెయ్యగానే న్యూరాన్ ఫైర్ అవ్వాలి, మనకి కావాల్సింది అంతే కదా, ఆ పనిలో దీనికి వంక పెట్టను.

కానీ మొదటి ఆర్నెల్లు నాకు చుక్కలు చూపించింది. షీట్ మీద టైటర్ (వైరస్ ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క) మిల్లీలీటర్‌కి 10 పవర్ 13 అని చూసి, ఎంత ఎక్కువుంటే అంత మంచిదేగా అనుకుని డైల్యూట్ చెయ్యకుండానే ఇంజెక్ట్ చేసేశా. నాలుగు వారాలాగి స్లైస్ కోసి చూస్తే చుట్టూ పచ్చగా మెరుస్తోంది, సూది దిగిన చోట మాత్రం మాడిన దోశకి చిల్లు పడ్డట్టు నల్లగా ఉంది, కణాలు చచ్చాయి. నేనేమో తప్పు సూదిదనుకుని ఇంకో ఆరు ఎలుకల్ని పాడుచేశా, చివరికి అదే వైరస్‌ని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో పదింతలు పలచన చేస్తే శుభ్రంగా వచ్చింది. అందుకే కొత్త లాట్ (బ్యాచ్) వచ్చిన ప్రతిసారీ రెండు మూడు డైల్యూషన్లు చూసుకున్నాకే అసలు పని మొదలెట్టండి. ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తీగ) చివర్ల దగ్గర లైటు వేసేవాళ్లు ఆరు వారాలైనా ఆగాలి, నాలుగు వారాలకే తొందరపడితే ఏం కనపడదు.

ఏఏవీలో సీరోటైప్‌లు, అంటే రకాలు, ఉంటాయి: సీరోటైప్ 2 సూది పక్కనే ఆగిపోతుంది, 5 దూరం పాకుతుంది, చిన్న న్యూక్లియస్ (మెదడులో న్యూరాన్ల గుంపు) అయితే నా ఓటు 2కే. ఏఏవీలో పట్టేది 4.7 కిలోబేస్‌ల డీఎన్ఏనే, ప్రమోటరు (జీన్‌ని ఆన్ చేసే భాగం), ఛానెల్‌రొడాప్సిన్, ఈవైఎఫ్‌పీ (పచ్చగా మెరిసే గుర్తు ప్రోటీన్) అన్నీ అందులోనే సర్దాలి, సామాను ఎక్కువైతే లెంటీవైరస్ అనే ఇంకో వాహక వైరస్ చూస్కోండి, 8 కిలోబేస్‌ల దాకా లాగుతుంది.

అసలు పరేషాన్ చల్లదనంతోనే. ఒకసారి మే నెలలో, మన ఎండలు తెలుసుగా, పార్సిల్ క్లియరెన్స్ దగ్గర నాలుగు రోజులు ఇరుక్కుంది, తెరిస్తే డ్రై ఐస్ గుప్పెడు కూడా లేదు, ట్యూబులు ఊపితే లోపల నీళ్లలా కదులుతోంది. ఆ లాట్‌తో ఎక్స్‌ప్రెషన్ (కణాల్లో ప్రోటీన్ తయారవ్వడం) అంతంతమాత్రమే. ఇప్పుడు ఆర్డర్లన్నీ డిసెంబర్, జనవరిలోనే పెడుతున్నా, రాగానే 5 మైక్రోలీటర్ల చొప్పున పంచేసి మైనస్ 80లో పెడతా, ఎందుకంటే కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే టైటర్ పడిపోతుంది. కరిగించినప్పుడల్లా మూత మీద మార్కర్‌తో ఒక చుక్క పెడతా, రెండో చుక్క పడిన ట్యూబు ఇక జూనియర్ల ప్రాక్టీసుకే.