శని, ఆదివారాల్లో ట్రేడింగ్: శ్రీకాకుళంలో కూచుని చాన్నాళ్లు వాడాక తేలిన లెక్క

మన ఎక్స్ఛేంజీలు శుక్రవారం మూడున్నరకి మూసేసి సోమవారం తొమ్మిదింపావుకి తెరుస్తాయి. మధ్యలో ఉన్న రెండ్రోజులూ ఖాళీగా ఎందుకు, అప్పుడు కూడా ట్రేడ్ చేసుకోవచ్చు అనే మాట డే అండ్ నైట్ జంక్షన్ టీ కొట్ల దగ్గర మొదలుకొని వాట్సాప్ గ్రూపుల దాకా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ కూచుని చట్టానికి లోబడి చెయ్యగలిగినవి నిజానికి కొన్నే: క్రిప్టో, సోమవారం కోసం ముందే పెట్టుకునే ఆర్డర్లు, ఏడాదికి ఒకటో రెండో పడితే పడే ప్రత్యేక సెషన్లు, ఫోన్లో కొనే డిజిటల్ బంగారం. అన్నీ బాగా వాడాక నా తీర్పు ఇది: సోమవారం ఆర్డర్లు తీరిగ్గా సిద్ధం చేసుకోడానికి వారాంతం చాలా మంచిది. ఆ రెండ్రోజుల్లోనే కొని అమ్మేసి లాభం తీద్దామంటే మాత్రం లెక్క కుదరదు.

క్రిప్టోతో మొదలుపెడతాను, ఎందుకంటే వారాంతం ట్రేడింగ్ అనగానే నూటికి తొంభై మంది అనుకునేది అదే. మార్కెట్ 24 గంటలూ నడుస్తుంది, యూపీఐ గానీ ఐఎంపీఎస్ గానీ ఆదివారం కూడా పనిచేస్తాయి, కాబట్టి డబ్బు వెయ్యడంలో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పన్ను దగ్గరుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. 2022 జులై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను. ఈ 1 శాతాన్ని చిన్నదనుకుంటారు. రూ. 50,000 పెట్టుబడితో, ధర ఎక్కడికీ కదలకుండా పదిసార్లు కొని అమ్మారనుకోండి. చేతిలో మిగిలేది సుమారు రూ. 45,220. మిగతా రూ. 4,780 ప్రభుత్వం దగ్గర ఇరుక్కుంటుంది. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటో రిఫండో వస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ ట్రేడింగ్‌లో లేదు.

దీనికి ఫీజు అదనం. ఒక వైపుకి 0.2 శాతం అనుకుంటే 18 శాతం జీఎస్టీతో కలిపి 0.236 అవుతుంది, కొనడం అమ్మడం రెండూ చూస్తే దాదాపు 0.47 శాతం. అంటే ధర అర శాతం పెరిగినా మీకు మిగిలేది ఏమీ లేదు.

ఇంకా గట్టి దెబ్బ నష్టాల దగ్గర. ఒక నాణెంలో రూ. 8,000 లాభం, ఇంకోదాంట్లో రూ. 6,000 నష్టం వచ్చిందనుకోండి. మన లెక్కలో మిగిలింది రూ. 2,000. పన్ను లెక్కలో లాభం మొత్తం రూ. 8,000, నష్టాన్ని అందులోంచి తీసెయ్యనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. పన్ను రూ. 2,400, సెస్సు రూ. 96. రెండు వేలు సంపాదించి రూ. 2,496 కట్టాలి. షేర్లలో అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఒక వారాంతంలో నాలుగైదు నాణేల్లో చిన్న చిన్న ట్రేడ్లు చేసేవాళ్లకి ఈ ఒక్క నిబంధన చాలు.

యూఎస్‌డీటీతో (విలువ డాలర్‌కి కట్టేసిన క్రిప్టో నాణెం) బిట్‌కాయిన్ కొంటే అది కూడా యూఎస్‌డీటీని అమ్మినట్టే లెక్క, దాని మీదా 1 శాతం పోతుంది. అందుకని రూపాయి జతలోనే, అంటే రూపాయలతో నేరుగా నాణెం కొనే చోటే కొని రూపాయిల్లోకే అమ్ముకోవాలి. రిటర్ను వేసేప్పుడు ఐటీఆర్-2 లేదా 3లో వీడీఏ (క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తులు) షెడ్యూల్ నింపాలి, కాబట్టి ట్రేడ్ల ఫైలు ఎక్స్ఛేంజీ నుంచి ప్రతి నెలా దించి పెట్టుకోండి. ఏడాది చివర్లో ఒక్కసారే అడిగితే ఫైలు అరకొరగా వచ్చే సందర్భాలున్నాయి. కొత్తగా ఖాతా తెరిచేవాళ్లు ఎక్స్ఛేంజీ ఎఫ్ఐయూ-ఇండియాలో (అక్రమ లావాదేవీల మీద కన్నేసే కేంద్ర సంస్థ) నమోదైందో లేదో ముందు చూడండి. 2023 మార్చి నుంచి ఆ నమోదు తప్పనిసరి. నమోదైనంత మాత్రాన సొమ్ము భద్రమని కాదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు దొంగలపాలయ్యాయి, ఆ తర్వాత ఖాతాదారులు డబ్బు తీసుకోలేక నెలలకొద్దీ కూచున్నారు. ట్రేడ్‌కి కావలసినంతే ఎక్స్ఛేంజీలో ఉంచడం ఒక్కటే మార్గం.

పన్ను పక్కన పెట్టినా, వారాంతం ధర నడక వేరు. 2024 జనవరిలో అమెరికాలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లు (షేర్లలా కొనుక్కునే బిట్‌కాయిన్ ఫండ్లు) వచ్చాక పెద్ద చేతులు సోమవారం నుంచి శుక్రవారం లోపే ఎక్కువగా తిరుగుతున్నాయి. శని, ఆదివారాల్లో ఆర్డర్ బుక్, అంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పెట్టిన ఆర్డర్ల జాబితా, పలచబడుతుంది. బిట్‌కాయిన్, ఈథర్‌లో ఫర్వాలేదు గానీ, చిన్న నాణేల రూపాయి జతల్లో ఆదివారం మధ్యాహ్నం బిడ్‌కీ (కొనేవాళ్లు అడిగే ధర) ఆస్క్‌కీ (అమ్మేవాళ్లు అడిగే ధర) మధ్య ఆటో దూరిపోయేంత సందు ఉంటుంది. కొనేముందు ధర చూడ్డం కాదు, ఆర్డర్ బుక్ చూడాలి: ప్రస్తుత ధరకి అర శాతం కింద ఎన్ని రూపాయల బిడ్లున్నాయో కూడి, మీరు అమ్మాల్సిన మొత్తం అందులో పదో వంతుకి మించితే ఆ జత వదిలెయ్యండి. ఏ ధరకైనా సరే అనే మార్కెట్ ఆర్డర్ అసలొద్దు, మనం చెప్పిన ధర దాటని లిమిట్ ఆర్డరే. నాలుగు నిమిషాలు ఆలస్యంగా అమ్ముడైనా ఒక శాతం మిగులుతుంది.

పలచటి బుక్ మీద పెద్ద వార్త పడితే ఏమవుతుందో చెప్పడానికి తేదీలున్నాయి. 2024 ఏప్రిల్ 13 శనివారం రాత్రి ఇజ్రాయెల్ మీదికి ఇరాన్ డ్రోన్లు పంపినప్పుడు షేర్లు, ముడిచమురు, బంగారం మార్కెట్లన్నీ మూతపడి ఉన్నాయి. భయపడ్డవాళ్లు అమ్ముకోడానికి తెరిచున్నది క్రిప్టో ఒక్కటే, దెబ్బంతా దాని మీదే పడింది. 2025 అక్టోబర్ 10 శుక్రవారం చైనా మీద 100 శాతం సుంకమని ట్రంప్ ప్రకటించాడు. మనకి శనివారం తెల్లవారేసరికి ప్రపంచవ్యాప్తంగా 1,900 కోట్ల డాలర్లకు పైగా లివరేజ్ పొజిషన్లు, అంటే చేతిలో ఉన్నదానికి మించి అప్పు మీద కాసినవి, ఊడ్చుకుపోయాయి.

టీడీఎస్ తప్పించుకోడానికి క్రిప్టో ఫ్యూచర్స్‌లోకి (నాణెం కొనకుండా దాని ధర మీద కాసే ఒప్పందాలు) వెళ్లేవాళ్లకి ఈ రెండో తేదీ గుర్తుండాలి. 10 రెట్లు లివరేజ్ తీసుకుంటే ధర సరిగ్గా 10 శాతం కదిలేదాకా ఆగరు. మెయింటెనెన్స్ మార్జిన్ (ఖాతాలో కనీసం ఉండాల్సిన సొమ్ము) ఉంటుంది కాబట్టి ఇంకా ముందే పొజిషన్ కోసేస్తారు. ఎనిమిది గంటలకోసారి ఫండింగ్ (కొన్నవైపు, అమ్మినవైపు ఒకరికొకరు కట్టుకునే రుసుము) ఉండే చోట శని, ఆదివారాల్లో ఆరుసార్లు తగులుతుంది, ధర నిలకడగా ఉన్నా సరే. నిద్రపోయే ముందు పొజిషన్ మూసెయ్యలేనివాళ్లకి ఇది తగదు.

మన జిల్లాలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12 ఆదివారమే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద తుఫాను అక్కర్లేదు, గట్టి ఈదురుగాలికే కరెంటు, ఇంటర్నెట్ రెండూ కలిసి పోతాయి. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి, ఇంటి ఇంటర్నెట్ ఏ కంపెనీదో ఫోన్లో దానికి వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉండాలి. స్టాప్ లాస్ (ఇంతకంటే పడితే అమ్మేసెయ్ అనే ఆర్డర్) మనసులో పెట్టుకుంటే లాభం లేదు, ఎక్స్ఛేంజీ సర్వర్లో పెట్టాలి. ఆదివారం అరసవల్లి క్యూలో నిలబడి స్క్రీన్ చూసుకోలేరు కదా.

పీటూపీలో, అంటే మనిషి నుంచి మనిషికి యూఎస్‌డీటీ అమ్మే పద్ధతిలో, వారాంతం రేటు రెండు మూడు రూపాయలు ఎక్కువ పలికిందని ఆశపడొద్దు. ఎదుటివాడు పంపింది ఎక్కడో సైబర్ మోసంలో కొట్టేసిన డబ్బయితే, సైబర్ మోసాల ఫోన్ నంబరు 1930కి ఫిర్యాదు వెళ్లగానే ఆ సొమ్ము చేరిన ఖాతాలన్నీ వరసగా బిగుసుకుపోతాయి, మీదీ అందులో ఉంటుంది. రెండో, నాలుగో శనివారం అయితే బ్యాంకు బ్రాంచీ కూడా ఉండదు, సోమవారం దాకా ఎవరినీ అడగలేరు. ఖాతా విడిపించుకోడానికి వేరే రాష్ట్రం పోలీసులకి ఉత్తరాలు రాసుకోవాల్సి వస్తుంది.

ఇక వారాంతంలో ఫారెక్స్ అని ఆశపెట్టేవాళ్లు. అసలు ఫారెక్స్ మార్కెట్ శుక్రవారం న్యూయార్క్ సాయంత్రం ఐదింటికి మూతపడుతుంది. మనకి అది శనివారం తెల్లవారుజామున రెండున్నర, చలికాలంలో మూడున్నర. తిరిగి తెరిచేది సోమవారం అదే వేళకి. మరి ఆదివారం మధ్యాహ్నం యాప్‌లో యూరో–డాలర్ చార్ట్ ఎలా కదులుతోంది? పేరు పక్కన ఓటీసీ అని ఉందేమో చూడండి. అది మార్కెట్ ధర కాదు, ఆ యాప్ సొంతంగా తయారుచేసే ధర. మీరు ఎటువైపు పందెం కాశారో వాడికి తెలుసు, ధర గీసేదీ వాడే. బైనరీ ఆప్షన్లు, అంటే ధర పైకా కిందికా అని కాసే పందేలు, దాదాపు ఇలాగే నడుస్తాయి. విదేశాల్లో కొన్ని బ్రోకర్లు వారాంతపు సూచీల మీద సీఎఫ్‌డీలు (అసలు కొనకుండా ధర తేడా మీదే చేసే ఒప్పందాలు) ఇస్తారు, అక్కడి చట్టం ప్రకారం అది సక్రమమే. మనం ఇక్కడి నుంచి అలాంటి మార్జిన్‌కి డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారక చట్టం) కింద కుదరదు. అనుమతి లేని వేదికల పేర్లతో ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్ నుంచి అలర్ట్ లిస్ట్ పెడుతోంది. ఆ జాబితాలో పేరు లేదంటే అనుమతి ఉన్నట్టు కాదు.

ఇప్పుడు నిజంగా పనికొచ్చే భాగం. ఏఎంఓ అంటే మార్కెట్ మూసున్నప్పుడు పెట్టుకునే ఆర్డర్, జీటీటీ అంటే ధర మనం చెప్పిన అంకెని (ట్రిగ్గర్) తాకితేనే బయల్దేరే ఆర్డర్. రెండింటికీ విడిగా రుసుము ఏమీ లేదు, ఆదివారం తీరిగ్గా కూచుని పెట్టుకోవచ్చు, అయిదుకి అయిదు మార్కులు వెయ్యొచ్చు. కానీ లోపలి పని తెలియకపోతే సోమవారం ఉదయం మీ ఆర్డర్ల పేజీ అంతా తిరస్కరణలతో ఎర్రగా ఉంటుంది.

ఏఎంఓ మీ బ్రోకర్ దగ్గరే ఆగుతుంది, ఎక్స్ఛేంజీకి వెళ్లదు. సోమవారం తొమ్మిదింటికి ప్రీ-ఓపెన్‌లోకి, అంటే మార్కెట్ తెరిచేముందు నడిచే చిన్న సెషన్‌లోకి పంపుతారు. అక్కడ అందరి ఆర్డర్లూ కలిపి ఒకే ధర తేలుస్తారు. రూ. 505కి కొనే లిమిట్ పెట్టి, తేలిన ధర 480 అయితే మీకు 480కే వస్తుంది. ఇది మేలే. మార్కెట్ ఆర్డర్‌గా పెడితే మాత్రం 530 తేలినా 530కే కొంటారు.

జీటీటీలో ఎక్కువమంది తప్పు పెట్టేది ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య దూరం. షేరు శుక్రవారం 500 దగ్గర ముగిసింది. అమ్మడానికి ట్రిగ్గర్ 480, లిమిట్ 478 పెట్టారు. ఆదివారం చెడు వార్త వచ్చింది, సోమవారం 462 దగ్గర తెరుచుకుంది. ట్రిగ్గర్ పేలుతుంది, కానీ 478కి కొనేవాడు లేడు, ఆర్డర్ అలాగే వేలాడుతుంది, షేరు ఇంకా కిందికి పోతుంటుంది. లిమిట్‌ని 455 దగ్గర పెట్టి ఉంటే 462 దగ్గర్లోనే అమ్ముడుపోయేది, 455కి పోతుందని భయం అక్కర్లేదు. కానీ లిమిట్ ఆ రోజు కింది సర్క్యూట్ (ఆ రోజుకి షేరు పడగల కనిష్ఠ హద్దు) కంటే కిందికి ఉంటే తిరస్కరిస్తారు.

డీడీపీఐ (అమ్మినప్పుడు షేర్లు తీసుకోడానికి బ్రోకర్‌కి ముందే ఇచ్చే అనుమతి పత్రం) ఇవ్వని డీమ్యాట్ ఖాతాల్లో అమ్మకం జీటీటీ పేలినా టీపిన్ (అమ్మకానికి మీరు కొట్టాల్సిన రహస్య అంకె) అనుమతి లేక ఆగిపోతుంది. సోమవారం బోనస్ లేదా స్ప్లిట్ ఎక్స్-డేట్ (షేరు ధర దానికి తగ్గట్టు సర్దుకునే రోజు) ఉంటే పాత ధరల మీద పెట్టిన జీటీటీ పేలుతుంది. వెయ్యి రూపాయల షేరు 1:2 స్ప్లిట్‌తో 500 దగ్గర తెరుచుకుంటే 900 స్టాప్ లాస్‌కి అది పతనంలాగే కనిపిస్తుంది. కొందరు బ్రోకర్లు ముందే రద్దు చేస్తారు, అందరూ చెయ్యరు. ఎన్ఎస్ఈ కార్పొరేట్ యాక్షన్స్ పేజీ ఆదివారం రాత్రి ఒకసారి చూసుకోండి. ఇంకొకటి, చాలామందికి తట్టనిది: త్రైమాసికం మొదటి శుక్రవారం లేదా శనివారం ట్రేడింగ్ ఖాతాలో పని లేకుండా ఉన్న నిల్వను బ్రోకర్ తిరిగి మీ బ్యాంకుకి పంపాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ మొదటి వారాంతాల్లో నిల్వ చూసుకోకుండా ఏఎంఓ పెడితే మార్జిన్ లేదని కొట్టేస్తుంది. శనివారాల్లో కొన్ని యాప్‌లు నిర్వహణ పనుల మీద ఉండొచ్చు, పని ఆదివారానికి పెట్టుకోండి.

ప్రత్యేక సెషన్లు ముచ్చటగా ఉంటాయి గానీ వాటి కోసం వ్యూహం అక్కర్లేదు. 2023 నవంబర్ 12న దీపావళి నాటి ముహూరత్ ట్రేడింగ్ ఆదివారం పడింది. 2024 మార్చి 2, మే 18 శనివారాలు డిజాస్టర్ రికవరీ సైట్ (అసలు వ్యవస్థ పాడైతే వాడే అదనపు కేంద్రం) పరీక్ష కోసం పెట్టినవి. వాటిలో షేర్ల ధరలకి 5 శాతం హద్దు ఉంచారు కాబట్టి కదలిక తక్కువ. బడ్జెట్ రోజులు వేరు: 2025 ఫిబ్రవరి 1 శనివారం, 2026 ఫిబ్రవరి 1 ఆదివారం పూర్తి సెషన్లు నడిచాయి. రెండోసారి ఫ్యూచర్స్ మీద ఎస్‌టీటీని (లావాదేవీ పన్ను) 0.02 నుంచి 0.05 శాతానికి పెంచుతున్నట్టు చెప్పగానే మార్కెట్ జారిపోయింది. ఇలాంటి రోజు సెటిల్‌మెంట్‌కి (డబ్బు, షేర్లు చేతులు మారే పని) సెలవైతే శుక్రవారం అమ్మిన డబ్బు ఆ రోజు బ్యాంకుకి తీసుకోలేరు.

డిజిటల్ బంగారం గురించి రెండు మాటలే. కొనేప్పుడే 3 శాతం జీఎస్టీ, పైన కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా. సెబీ నియంత్రణలో లేదని 2025 నవంబర్‌లో సెబీయే హెచ్చరించింది. ట్రేడింగ్‌కి పనికిరాదు.

సోమవారానికి అంచనా కావాలంటే గిఫ్ట్ నిఫ్టీ, అంటే గుజరాత్ గిఫ్ట్ సిటీలో నడిచే నిఫ్టీ ఫ్యూచర్స్, ఉంది. శనివారం తెల్లవారుజామున 2:45కి ఆగి సోమవారం 6:30కి మళ్లీ మొదలవుతుంది. ఆదివారం రాత్రి గ్రూపుల్లో తిరిగే గిఫ్ట్ నిఫ్టీ అంకె శుక్రవారం రాత్రిదే. 6:30 తర్వాత పది నిమిషాలు ఆగి చూడండి, శుక్రవారం ముగింపుకి ఒక శాతం కంటే తేడా ఉంటే ఏఎంఓలు తెరిచి ధరలు మార్చుకోండి. ఆ పని 8:50 లోపే అయిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత కొన్ని యాప్‌లలో ఏఎంఓ మార్చనివ్వకపోవచ్చు, తొమ్మిదింటికి ఆర్డర్ వెళ్లాక ప్రీ-ఓపెన్లోనే సవరించాలి. ప్రీ-ఓపెన్‌లో ఆర్డర్లు తీసుకునే సమయం 9:07 దాటాక ఎప్పుడైనా ముగిసిపోవచ్చు.