టీటీఎల్‌క్యాష్: చాలాకాలం వాడాక నా మాట

కరెన్సీ రేట్లు, పిన్‌కోడ్ వివరాలు లాంటివాటికి ప్రతిసారీ బయటి ఏపీఐని, అంటే డేటా ఇచ్చే వేరే సర్వీసుని పిలవడం దండగ. అందుకే మా సర్వీసులో పైథాన్ క్యాష్‌టూల్స్ లైబ్రరీలోని టీటీఎల్‌క్యాష్ పెట్టుకున్నాం. ఒకసారి తెచ్చిన జవాబుని మెమరీలో దాచి, గడువు తీరాక వదిలేస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చే ఎల్‌ఆర్‌యూ క్యాష్ (నిండితే చాలాసేపు వాడనిదాన్ని తీసేసేది) లో గడువు అనేదే లేదు. టీటీఎల్‌క్యాష్‌లో మ్యాక్స్‌సైజ్ (ఎన్ని ఎంట్రీలు పట్టాలో) 1024, టీటీఎల్ (గడువు, సెకన్లలో) 600 అని ఇస్తే చాలు, ఏ ఎంట్రీ అయినా పది నిమిషాలకి చెల్లదు. ఈలోపే నిండిపోతే, ఎక్కువసేపటి నుంచి ఎవరూ అడగనిదాన్ని తీసేస్తుంది.

డిక్షనరీలో టైమ్ కూడా దాచుకుని మనమే రాసుకోవచ్చుగా అంటారు. రాసుకోవచ్చు. కాకపోతే అలా రాసేవాళ్లు మామూలు సిస్టమ్ టైమ్ వాడేస్తుంటారు. సర్వర్ గడియారాన్ని ఎవరైనా వెనక్కి జరిపితే గడువు లెక్క తప్పుతుంది. టీటీఎల్‌క్యాష్ మాత్రం వెనక్కి వెళ్లని మోనోటోనిక్ గడియారం వాడుతుంది. పైగా టైమర్‌ని మనమే ఇవ్వొచ్చు. టెస్టుల్లో స్లీప్ పెట్టి కూర్చోకుండా, ఉత్తుత్తి గడియారాన్ని 601కి తిప్పి, ఎంట్రీ పోయిందో లేదో చూసుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

గడువు తీరినది అడిగితే దొరకదు గానీ, మెమరీలోంచి వెంటనే పోదు. మళ్లీ ఏదైనా రాసినప్పుడో, తీసేసినప్పుడో, మనం ఎక్స్‌పైర్ మెథడ్ పిలిచినప్పుడో ఊడ్చేస్తుంది. రాత్రిళ్లు ట్రాఫిక్ లేకపోయినా మెమరీ గ్రాఫ్ దిగలేదని టెన్షన్ పడక్కర్లేదు.

థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఉంటే లాక్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం) ఇవ్వాల్సిందే, దానంతటది చూసుకోదు. ఆ లాక్ కూడా క్యాష్‌కే గానీ మన ఫంక్షన్‌కి కాదు. గడువు తీరిన క్షణంలో పది రిక్వెస్టులు వస్తే పదీ వెళ్లి ఏపీఐ మీద పడొచ్చు.

అసలు ఇబ్బంది వర్కర్లతో, అంటే మన ప్రోగ్రామ్‌ని విడివిడిగా నడిపే ప్రాసెస్‌లతో. గునికార్న్ అనే పైథాన్ వెబ్ సర్వర్‌లో నాలుగు వర్కర్లు నడిపితే ఎవరి క్యాష్ వాళ్లదే. పేజీ రిఫ్రెష్ చేస్తే ఒకసారి పాత రేటు, ఒకసారి కొత్త రేటు, మళ్లీ పాతది! సపోర్ట్ వాళ్లకి ఫోన్లు. రేట్లని వర్కర్లందరూ పంచుకునే రెడిస్ అనే డేటా స్టోర్‌కి మార్చాక గానీ అది ఆగలేదు. పిన్‌కోడ్లకి మాత్రం ఇదే హాయి.

ఒక్కో ఎంట్రీకి ఒక్కో గడువు కావాలంటే దీంతో కుదరదు. అదే లైబ్రరీలో టీఎల్‌ఆర్‌యూ క్యాష్ ఉంది, గడువు లెక్కగట్టే ఫంక్షన్ మనం రాసివ్వాలి.