బాలాజీ కాలనీ ఆదివారం ఇంగ్లీషు తరగతి: పాఠానికి ఐదుకు ఐదు, అచ్చు నోట్సుకు ఒకటి

చంద్రగిరిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. డీఎస్సీ కోసం ఇంగ్లీషు వ్యాకరణం సరిచేసుకుందామని తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మేడ మీద జరిగే తరగతికి ఆరు ఆదివారాలు వెళ్లాను. ఫీజు 1,500, నోట్సుకు మరో 150. పన్నెండేళ్లుగా పిల్లలకు కర్తరి, కర్మణి (యాక్టివ్, పాసివ్ వాయిస్) నూరిపోస్తున్నదాన్నే అయినా, ఇంగ్లీషులో ‘వాజ్ క్లోజ్డ్’ కనబడితే అది క్రియో విశేషణమో నాకు తేలేది కాదు.

మూడో వారం తేలింది. 2025 సెప్టెంబరు 7 చంద్రగ్రహణం గుర్తుందా అని సార్ అడిగారు. ‘తిరుమల గుడి మధ్యాహ్నం మూశారు’, ‘తెల్లవారుజాము దాకా మూసే ఉంది’ అని బోర్డు మీద తెలుగులోనే రాశారు. ఇంగ్లీషులో రెండింటికీ ‘వాజ్ క్లోజ్డ్’ అనే వస్తుంది. మూశారంటే ఎవరో తలుపు వేశారు, పని జరిగింది, అది కర్మణి. మూసే ఉందంటే గుడి ఉన్న తీరు, అది విశేషణం. మన భాష రెండు మాటల్లో విడదీసి చెప్పేదాన్ని వాళ్లు ఒకే మాటలో కుక్కేశారన్నమాట!

వెనక బల్ల నుంచి ఎవరో “మరి శ్రీకాళహస్తి సార్?” అన్నారు. గ్రహణంలోనూ తెరిచి ఉండే గుడి కదా. “దానితో గొడవే లేదమ్మా. తెరిచే పనికి ఓపెన్డ్, తెరిచి ఉండడానికి ఓపెన్” అని నవ్వారు.

తర్వాత ఏది విశేషణమో, ఏది కర్మణో పట్టుకునే పరీక్షలు చెప్పారు. ‘వాజ్’ తీసి ‘సీమ్డ్’ పెట్టి చూడమన్నారు. ‘టైర్డ్’ పక్కన అది నిలుస్తుంది, కాబట్టి విశేషణం. ఎదురుగా ఉన్న ఎస్వీ యూనివర్సిటీని 1954లో స్థాపించారు. ఆ ‘ఫౌండెడ్’ పక్కన పెడితే వాక్యం కూలిపోతుంది, కాబట్టి కర్మణి. ముందు ‘వెరీ’ పడితే విశేషణమే, పడకపోతే మాత్రం కాదని తేల్చకూడదు. గుడి మూసే ఉన్నా ‘వెరీ క్లోజ్డ్’ అనం. మూయడంలో ఎక్కువ తక్కువలు ఉండవు కదా.

నా కోపమంతా నోట్సు మీదే. పద్నాలుగో పేజీలో ‘బై’ ఉంటే కర్మణే అని లావు అక్షరాల్లో ఉంది. ‘సర్‌ప్రైజ్డ్ బై’ ముందు ‘వెరీ’ చక్కగా పడుతుంది కదా సార్, అని అడిగాను. సార్ ఒక్క క్షణం ఆగి, “నిజమేనమ్మా, కొట్టేయండి” అన్నారు. అందరం కొట్టేశాం. ఆరో వారం మెట్ల దగ్గర కొత్త బ్యాచికి అదే జిరాక్సు పంచుతున్నారు, అవే లావు అక్షరాలతో. ఆఫీసులో చెబితే ఇంకా రెండు వందల కాపీలు మిగిలి ఉన్నాయన్నారు.

చేరేవాళ్లు తొమ్మిదికల్లా వెళ్లండి. ఉన్న రెండు ఫ్యాన్లలో కిటికీ వైపుదే తిరుగుతుంది.