పిల్లికి తొడిగే సర్జరీ సూట్: ముఖం కనిపిస్తుంది, కుట్లు కనిపించవు

ఐదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తున్నాను. ఒకటి ఎక్కడ కోశానో, అర ఎక్కడ కోశానో కింద ఉంది. కొనేముందు ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ వస్తువు కొన్ని ఆపరేషన్లకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, కొన్నింటికి అసలు పనికిరాదు. ఆ తేడా పెట్టె మీద రాయరు.

వస్తువు సంగతి ముందు. కడుపు ఆపరేషన్ అయిన పిల్లి కుట్లు నాక్కోకుండా, మెడకు ప్లాస్టిక్ కోన్ కట్టే బదులు ఒంటికి తొడిగే బట్ట ఇది. సాగే కాటన్. ముందు కాళ్లకు రెండు రంధ్రాలు, వెనక కాళ్లకు రెండు, వీపు మీద వరసగా టిచ్ బటన్లు, తోక దగ్గర వదులుగా తెరుచుకునే భాగం. ఇదే సూట్ వెల్క్రోతో కూడా దొరుకుతుంది. నా మాట విని టిచ్ బటన్లదే తీసుకోండి. వెల్క్రో చర్రుమని ఊడే చప్పుడుకు సగం పిల్లులు మంచం కిందకు దూరతాయి, పైగా దాంట్లో బొచ్చు ఇరుక్కుంటుంది.

మా పిల్లి పేరు మసి. పేరుకు తగ్గట్టే ఒళ్లంతా నలుపు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పొట్ట నున్నగా గొరిగి, మధ్యలో చిన్న గాటు పెట్టి, లోపల కండరానికి ఒక వరస, పైన చర్మానికి ఒక వరస కుట్లు వేశారు. పై కుట్లు విప్పడానికి మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు ఆగాలి. ఆ రోజుల్లో పిల్లి నాలుక అక్కడికి చేరకూడదు. పిల్లి నాలుక నిండా వెనక్కి వంగిన చిన్న ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరాటినే వాటిలోనూ ఉంటుంది. బొచ్చు దువ్వుకోవడానికి అంత బాగా పనికొచ్చే ఆ ముళ్లు కుట్ల మీద ఆడితే దారం లాగేస్తాయి, మానుతున్న చర్మాన్ని రేపేస్తాయి. ‘నాకనివ్వండి, దాని వైద్యం అదే చేసుకుంటుంది’ అని చెప్పే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వినకండి.

ఆస్పత్రిలో ముందు కోన్ ఇచ్చారు. కోన్ మీద నాకేం కోపం లేదు. సరిగ్గా కడితే, అంటే అంచు ముక్కు కొన దాటి కాస్త ముందుకొచ్చి, మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత సందు ఉంటే, దాన్ని మించిన కాపలా లేదు. కానీ మసి దాన్ని కట్టగానే వెనక్కి వెనక్కి నడిచింది. తలుపు అంచుకు తగిలితే అక్కడే నిలబడిపోయేది. అన్నిటికన్నా ఇబ్బంది తిండి దగ్గర వచ్చింది. కోన్ అంచు నేలకు తగిలి మూతి గిన్నెను అందుకోదు. వెడల్పు తక్కువున్న పళ్లేన్ని ఎత్తు మీద పెడితే కొంత మేలు. మీసాలకు ప్లాస్టిక్ తగులుతుండటం కూడా పిల్లికి చిరాకే. డాక్టరు గారికి ఫోన్ చేసి సూట్ వేయొచ్చా అని అడిగితే, ‘పొట్ట గాయమే కాబట్టి వేయండి, కానీ రోజుకు రెండుసార్లు విప్పి చూడాలి’ అన్నారు. ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. నేను కోసిన నక్షత్రం అక్కడే ఉంది.

తొడిగిన మొదటి గంట చూస్తే మాత్రం డబ్బు దండగ అనిపిస్తుంది. మసి నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగి పడిపోయింది. లేపి నిలబెడితే మళ్లీ దబ్బున పడింది. అమ్మ చూసి, ‘దీనికి నడుం పడిపోయిందేమిట్రా, డాక్టరుకి చెప్పు’ అని కంగారు పడింది. నడుముకేం కాలేదు. ఒళ్లంతా ఒత్తుకునే బట్ట తగిలితే చాలా పిల్లులు ఇలాగే బిగుసుకుపోతాయి, లేదా పక్కకు ఒరిగిపోతాయి. కదిలించకుండా, దగ్గర్లో దానికి ఇష్టమైన తిండి పెట్టి వదిలేస్తే మెల్లగా అలవాటు పడతాయి. మాది సాయంత్రానికల్లా లేచి, కాళ్లు కాస్త ఎత్తెత్తి వేస్తూ నీళ్ల గిన్నె దాకా వెళ్లింది. ముందే సూట్ కొనిపెట్టుకున్నవాళ్లు ఆస్పత్రికే తీసుకెళ్లి, పూర్తిగా తెలివి రాకముందే తొడగమని అడగండి. ఈ నాటకం కొంత తగ్గుతుంది.

ఇక ఇది కోన్ కన్నా ఎక్కడ మెరుగో చెప్తాను. ముఖం. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. మూలగదు, కుంటదు, గురగురమంటే హాయిగా ఉందనుకోవడానికీ లేదు, నొప్పిలో కూడా గురగురమంటుంది. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లి ముఖం చూసి నొప్పి అంచనా వేసే ఒక కొలమానం ప్రచురించారు. అందులో ఐదు విషయాలు చూస్తారు: చెవులు ఎటు తిరిగాయి, కళ్లు ఎంత చిట్లించింది, మూతి ఎంత బిగుసుకుంది, మీసాలు ఎలా ఉన్నాయి, తల భుజాల కన్నా పైనుందా కిందికి వాలిందా. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మొత్తం పదికి నాలుగు గానీ అంతకు మించి గానీ వస్తే నొప్పి మందు సంగతి డాక్టరుతో మాట్లాడాలి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు మార్కులు వేయకూడదు. మెలకువగా, ఊరికే కూర్చున్నప్పుడు చూడాలి.

ఇప్పుడు కోన్‌లో ఉన్న పిల్లిని ఊహించుకోండి. మీసాలు ప్లాస్టిక్‌కు తగిలి వంగి ఉంటాయి, చెవులు లోపల అణిగి ఉంటాయి, తల ఆ బరువుకు కిందికి వాలుతుంది. ఐదింట్లో మూడు అక్కడే పోయాయి. సూట్ వేశాక మసి ముఖం మొత్తం నాకు దొరికింది. నల్లపిల్లి కాబట్టి మూతి బిగువు నాకు సరిగా తెలిసేది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ మీసాలు తెల్లవి. అవి మామూలుగా కిందికి వాలి మెత్తగా ఉంటాయి, నొప్పెడితే బిర్రుగా ముందుకు సాగుతాయి. రెండో రోజు పొద్దున మందు వేళ దాటాక చెవులు రెండు పక్కలకీ జరిగి, కళ్లు సగం మూసుకుని, మీసాలు ఈటెల్లా నిలబడి కనిపించాయి. డాక్టరు గారు చెప్పిన డోసు ఇచ్చాక కొంతసేపటికి చెవులు నిటారుగా వచ్చాయి. ఆ తేడా కళ్లతో చూశాక ఈ సూట్‌కి ఎన్ని నక్షత్రాలైనా ఇవ్వాలనిపించింది.

మందు మాట వచ్చింది కాబట్టి, వస్తువుతో సంబంధం లేకపోయినా, ఒకటి చెప్పకుండా పోలేను. మన ఇళ్లల్లో డబ్బాలో ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోసే గుణం కోల్పోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. కుక్కకు రాసిన మందు పిల్లికి వేయడం అసలే వద్దు. పిల్లి డాక్టరు రాసిచ్చింది, రాసినంతే.

ఇప్పుడు కోసిన నక్షత్రం. కోన్ కట్టిన పిల్లి వెల్లకిలా దొర్లితే గాయం మీకు కనిపిస్తుంది. సూట్ వేసిన పిల్లి గాయం బట్ట కింద ఉంటుంది. కనిపించనిదాన్ని బాగానే ఉందని అనుకోవడం మనిషి స్వభావం. అమ్మేవాళ్లు దీన్ని ‘వేసి మర్చిపోండి’ అన్న ధోరణిలో అమ్ముతున్నారు, నాకు చిర్రెత్తేది అదే. రోజుకు రెండుసార్లు, మంచి వెలుతుర్లో, ఒకరు భుజాల దగ్గర పట్టుకుంటే ఇంకొకరు విప్పి చూడాలి. అంచులు లేత ఎరుపుగా ఉండటం, కొంచెం ఉబ్బు ఉండటం మామూలే. కుట్ల గీత కింద గట్టిగా, తాడులా ఒక గడ్డ చేతికి తగలడం కూడా పిల్లుల్లో తరచూ ఉంటుంది, మెల్లగా కరిగిపోతుంది. అంచులు విడిపోవడం, చీము, వాసన, ఆగకుండా రక్తం చుక్కలు పడటం, రోజురోజుకీ పెరిగే వాపు, ఇవి మాత్రం ఫోన్ చేయాల్సినవి. స్పిరిట్టు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పూయకండి, మానే కణజాలమే కాలిపోతుంది.

విప్పకముందే సూట్ ఒక కబురు చెబుతుంది. పొట్ట దగ్గర బట్ట మీద చేత్తో రాయండి. తడి తగిలితే పిల్లి బట్ట మీంచి నాకుతోందన్నమాట. పలచటి బట్టలోంచి ఆ నాలుక పని చేస్తుంది, పైగా తడి బట్ట గాయాన్ని అంటుకుని ఉంటే క్రిములకు పండగ. అందుకే రెండు సూట్లు కొనండి, ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరేసి. తడి పదేపదే కనిపిస్తే మొహమాటం లేకుండా మళ్లీ కోన్ కట్టండి. మేము ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోనే వేశాం, మనుషులు ఉన్నప్పుడు సూట్. చంకల్లో కూడా చూడండి. బిగుతుగా ఉంటే అక్కడ చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది.

అర నక్షత్రం లిట్టర్ ట్రే, అంటే పిల్లి ఒంటేలుకు వెళ్లే ఇసుక పళ్లెం, దగ్గర పోయింది. తోక కింద వదిలిన సందు చూడ్డానికి సరిపోతుంది, పిల్లి కూర్చున్నాక సరిపోదు. ఒంటేలుకు వెళ్లిన ప్రతిసారీ అంచు తడుస్తుంది. వెనక భాగం బటన్లు విప్పి, చుట్టి, వీపు మీద ముడేయమని సూట్‌తో వచ్చిన కాగితంలో రాశారు. మంచిదే, కానీ పిల్లి మనకు చెప్పి వెళ్లదు కదా. ట్రే ముందు కాపలా కాసే ఓపిక ఉండాలి. ఆ రోజుల్లో గడ్డకట్టే ఇసుక లిట్టర్ బదులు చింపిన కాగితం ముక్కలు వేశాం, గాయానికి దుమ్ము అంటకుండా ఉంటుందని. మసి మొదట అదోలా చూసింది, తర్వాత వాడింది.

కొలతల విషయంలో పట్టికలో ఉన్న బరువును నమ్మకండి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు టేపుతో కొలవండి, తర్వాత ఛాతీ చుట్టుకొలత. ఒకే బరువున్న రెండు పిల్లులు రెండు ఆకారాల్లో ఉంటాయి. వదులు సూట్‌లోంచి వెనక కాలు ఇవతలికి వచ్చి బట్టలో చిక్కుకుంటే బిగుతు సూట్ కన్నా ప్రమాదం.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు సుగుణంగా చెబుతారు, నాకు మాత్రం సందేహం: సూట్‌లో పిల్లి హాయిగా తిరుగుతుంది. హాయిగా తిరిగే పిల్లి బీరువా ఎక్కుతుంది. పైన చర్మం అతుక్కున్నట్టు కనిపించినా లోపల కండరం కుట్లు ఇంకా మానుతూనే ఉంటాయి, గెంతితే వాటి మీదే భారం. ఎక్కడానికి ఏమీ లేని చిన్న గదిలో ఉంచండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మరీను. ఆస్పత్రి వాసనతో వచ్చిన స్నేహితురాల్ని అది గుర్తుపట్టక బుస్సుమంటుంది, కొన్నాళ్లు తలుపు వేసే ఉంచాలి.

గాలి నింపే మెడ ట్యూబు అడ్డు పెడితే చాలదా అని కొందరు అడుగుతున్నారు. పిల్లి వెన్ను ఎలా వంగుతుందో చూసినవాళ్లు అడగరు. ట్యూబు పక్క నుంచి తల తిప్పి పొట్టను అందుకునే పిల్లులు బోలెడు.

మగ పిల్లికి ఆపరేషన్ చేయిస్తున్నవాళ్లు ఇది కొనకండి. వాటి గాయం తోక కింద ఉంటుంది, సూట్ కప్పేది పొట్టని. కాలు, చెవి, కన్ను ఆపరేషన్లకూ అంతే, కోనే గతి. సూట్ ఉన్నా కోన్ ఉన్నా, ఇంటికొచ్చాక ఇరవై నాలుగు గంటలు దాటినా పిల్లి ఏమీ తినకపోతే, ఒంటేలుకు పోకపోతే, లేదా ఎప్పుడైనా సరే చిగుళ్లు పాలిపోతే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని అదొక పెద్ద జబ్బవుతుంది.

ఉతకడానికి వాసన లేని మామూలు సబ్బు చాలు. సువాసన ద్రవాల్లో ముంచకండి, అంచులు అది నాకుతుంది. ఎండలో ఆరేస్తే సరిపోతుంది, వేడి యంత్రంలో వేస్తే సాగుడు పోయి వదులవుతుంది, వదులైతే వెనక కాలు సంగతి పైన చెప్పాను.