తవుడు ఎక్కువ పెట్టే పందుల ఫారాలకి ఫైటేజ్ పౌడర్ – వాడి చెప్తున్నా

మా దగ్గర పందుల దాణా అంటే ముందు తవుడే, నూనె తీసిన తవుడైతే ఇంకా చవక కాబట్టి అదే ఎక్కువ పడుద్ది, మినరల్ మిక్స్చర్ కలుపుతున్నాం కదా ఇంకేం లోటు అంటారు అందరూ. కానీ తవుడులో ఫాస్ఫరస్ బోలెడున్నా చాలావరకు ఫైటేట్ అనే, పందికి అరగని రూపంలోనే ఉంటది, దాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైమ్ పంది పేగుల్లో దాదాపు లేనట్టే, అందుకే ఆ ఫాస్ఫరస్ చాలావరకు పెంటలో పోద్ది. పైగా ఆ ఫైటేట్ జింక్‌ని కూడా పట్టేసుకుంటది, ఎముకలకి మంచిదని సున్నపురాయి పొడి ఎక్కువ వేస్తే జింక్ ఇంకా అందదు.

మా పంది పిల్లలకి కాళ్ల మీద, పొట్ట కింద పొలుసులు కట్టి చర్మం పగిలేది. చూసినోళ్లంతా గజ్జి అన్నారు గానీ గజ్జి అయితే గోడకేసి రుద్దుకుంటూనే ఉంటాయి, ఇవి అంతగా రుద్దుకోలేదు. డాక్టర్ గారు జింక్ లోపం అన్నారు, 1955లోనే అమెరికాలో టక్కర్, శాల్మన్ అనేవాళ్లు జింక్ ఇస్తే ఇది తగ్గుద్దని చూపించారంట.

ఆయన చెప్పినట్టే సున్నం తగ్గించి, జింక్ సల్ఫేట్‌తో పాటు ఈ ఫైటేజ్ పౌడర్ మొదలుపెట్టాం. గ్రాముకి 5000 యూనిట్లది (యూనిట్ అంటే ఎంజైమ్ పవర్ కొలత), టన్ను దాణాకి 100 గ్రాములు వేస్తే కిలోకి 500 యూనిట్లు పడతాయి. ముందు రెండు కిలోల తవుడులో బాగా కలిపి తర్వాత మొత్తంలో కలపాలి, లేకపోతే ఒకచోటే ఉండిపోద్ది. చర్మం శుభ్రంగా తేలింది, అది జింక్ వల్ల ఎంతో దీనివల్ల ఎంతో విడదీసి చెప్పలేం గానీ డీసీపీ (ఫాస్ఫరస్ కోసం దాణాలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించుకోగలిగింది మాత్రం దీనివల్లే, పౌడర్ ఖర్చు అక్కడే వచ్చేసింది. హోటల్ వేస్ట్ ఉడకబెట్టి పెట్టేవాళ్లు మాత్రం చల్లారాకే కలపండి, మరిగే డ్రమ్ములో వేస్తే ఎంజైమ్ చచ్చిపోద్ది, డబ్బులు దండగ.

నచ్చనిది ఒక్కటే, కిలో ప్యాకెట్ తప్ప చిన్నది లేదు. కిలో అంటే 10 టన్నుల దాణాకి సరిపోద్ది, పది పందులు ఉన్నోడికి అది ఎప్పటికి అయ్యేను, ఈ ఎండలకి తెరిచిన ప్యాకెట్ పవర్ తగ్గిపోద్ది. లేబుల్ మీద తెలుగు ముక్క లేదు, డోసు చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. చిన్న ఫారాలోళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, తయారీ తేదీ చూసి మరీ తీసుకోండి.