అనంతపురంలో రెండు రోజుల డైరెక్షన్ క్లాసు: రెండో రోజు కోసమైతే వెళ్లండి

నేను పెళ్లి వీడియోలు తీస్తాను. క్లాక్ టవర్ దగ్గర 'మీరూ డైరెక్టర్ కావచ్చు' అన్న పోస్టర్ చూసి 1,500 కట్టాను. సంస్థ పేరు రాయను, గొడవ పడే ఓపిక లేదు.

మొదటి రోజు దండగ. పదింటికి రమ్మని పన్నెండున్నరకి మొదలుపెట్టారు. ముఖ్య అతిథి తన కష్టాలు చెప్పుకుని వెళ్లిపోయాడు. ఉగ్గాని, బజ్జీ మాత్రం బాగున్నాయి.

రెండో రోజు వచ్చినాయన చాలా సినిమాలకు కో-డైరెక్టర్‌గా చేశారట. "డైరెక్టర్ అవుదామని వచ్చినోళ్లు చేతులెత్తండి" అంటే అందరం ఎత్తాం. "క్లాప్ కొట్టడం వచ్చినోళ్లు?" ఒక్క చెయ్యీ లేవలేదు.

నన్నే పిలిచారు. సీను, షాట్, టేక్ నంబర్లు చదివి టపీమని కొట్టాను. క్లోజప్‌లో కూర్చున్న పిల్లోడు ఉలిక్కిపడ్డాడు. "ఏడుపు సీనప్పా! మూడ్ తెచ్చుకుని కూర్చున్న మనిషి ముక్కు ముందు టపాకాయ పేలుస్తావా?" అన్నారు. ఎడిటింగ్‌లో బొమ్మనీ శబ్దాన్నీ జత చెయ్యడానికే ఆ చప్పుడు, మెల్లగా కొట్టినా చాలు. సౌండ్ తీయని షాట్‌కైతే పలకల మధ్య వేళ్లు పెట్టి చూపించాలి, ఎడిటర్‌కు అదే గుర్తు. పదేళ్లుగా కెమెరా పట్టుకుని తిరుగుతున్నా నాకిది తెలీదు.

తర్వాత కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేట్టు చూసుకోవడం. ఇద్దరు టీ తాగే సీను మా ఫోన్లలోనే తీయించారు. దూరం నుంచి తీసిన వైడ్‌లో సగం ఉన్న గ్లాసు క్లోజప్‌లో నిండుగా ఉంది. ఒకడి చొక్కా ఎడమ చేతి మడత విప్పిపోయింది. ఎవ్వరం చూడలేదు. హాలీవుడ్‌లో ఈ పనికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని వేరే మనిషి ఉంటారట, మన దగ్గర అసిస్టెంట్ల నెత్తినే. కో-డైరెక్టరేమో ఆర్టిస్టుల డేట్లు, రేపు తీసే సీన్లు, ఎవరు ఎన్నింటికి రావాలి అన్నీ చూసుకుంటూ సెట్‌ను కదిలిస్తుండాలి. పెళ్లిలో నయం, తాళి కట్టడానికి రెండో టేక్ ఉండదు. (తలంబ్రాలు మాత్రం ఒకసారి మళ్లీ పోయించాను, అది వేరే కథ.)

"అసిస్టెంటుగా ఎన్నేళ్లు చెయ్యాలి సార్?" అని ఒక పిల్లోడు అడిగాడు. మన తాడిపత్రి కె.వి.రెడ్డి గారి దగ్గర 1957 'మాయాబజార్'కు అసిస్టెంటుగా చేసిన సింగీతం శ్రీనివాసరావు గారి మొదటి సినిమా 1972లో వచ్చిందని చెప్పారు. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుని సాయంత్రం దాకా నోరెత్తలేదు.

చివర్లో సర్టిఫికెట్‌కు ఇంకో 300 అన్నారు. పోస్టర్‌లో ఆ ముక్క లేదు. నేను తీసుకోలేదు.

ఐదుకి మూడు ఇస్తున్నాను, మూడూ ఆ కో-డైరెక్టర్ గారివే. మా తమ్ముడికి రెండో రోజు ఒక్కటే కట్టొచ్చా అని ఫోన్ చేస్తే కుదరదన్నారు.